పైకి చిన్న గాయం, లోపల భరించలేని నొప్పి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే జబ్బు గురించి అడిగాయి. టీవీలవారు దాన్ని ‘మాంసం తినే బ్యాక్టీరియా’ అంటున్నారు. మేము కేసు షీటులో ‘నెక్రోటైజింగ్ ఫేషియైటిస్’ అని రాసుకుంటాం. ఉత్తరాలను కొంత కుదించాను, ఊరు తప్ప మిగతా ఆనవాళ్లు తీసేశాను. పిత్తాశయంలో రాళ్ల గురించి రాసినవారికి వచ్చే నెల జవాబిస్తాను. రాళ్లు ఒక నెల ఆగుతాయి, ఇది ఆగదు.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా బావగారికి 52 ఏళ్లు, షుగరు ఉంది. పొలంలో అరికాలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. మర్నాటికి పాదం వాచింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నొప్పికి ఇంజెక్షన్లు చేసి, బిళ్లలు ఇచ్చారు. నాలుగో రోజు విపరీతమైన జ్వరం, ఒకటే మూలుగు. పట్నంలో పెద్దాస్పత్రికి తీసుకెళ్తే రాత్రికి రాత్రే ఆపరేషన్ అన్నారు. పాదం నుంచి మోకాలి దగ్గర దాకా చీల్చి, చర్మమూ లోపలి కండా చాలా తీసేశారు. మర్నాడు మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి ఇంకొంత తీశారు. ముల్లు గుచ్చుకున్న చోటు వెతికితే గాని కనిపించదు. మందులతో తగ్గేదాన్ని డబ్బు కోసం కోశారని మా బంధువులు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, ఆ రాత్రి కోయకపోతే మీ బావగారు మీకు దక్కేవారు కాదు. బంధువులకు ఈ మాట కాస్త గట్టిగానే చెప్పండి.

గాయం చిన్నది, కోత పెద్దది ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. చర్మం కింద కొవ్వు ఉంటుంది. దాని కింద కండరాలను కప్పి పట్టి ఉంచే పలచని, తెల్లటి పొర ఉంటుంది. దాన్ని ఫేషియా అంటాం. ఆ పొరకు రక్తసరఫరా బాగా తక్కువ. అందువల్ల ఒంట్లోని రక్షణ కణాలు అక్కడికి అంత త్వరగా చేరుకోలేవు. ముల్లుతో పాటు లోపలికి వెళ్లిన క్రిములు ఆ పొర వెంబడే పాకుతాయి. అవి నిజానికి మాంసాన్ని కొరుక్కు తినవు. విషపదార్థాలను వదులుతాయి. వాటి ప్రభావంతో సన్నని రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టుకుపోతుంది, రక్తం అందని భాగం చచ్చిపోతుంది. పైనున్న చర్మం అన్నిటికంటే చివర చస్తుంది. అందుకే లోపల జానెడు మేర కుళ్లిపోయినా పైకి కాస్త వాపు మాత్రమే కనిపిస్తుంది.

ఇక మందుల సంగతి. యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించినా, నోట్లో వేసుకున్నా, గాయం దాకా దాన్ని మోసుకెళ్లేది రక్తమే. రక్తం ఆగిపోయిన చోటికి మందు ఎలా చేరుతుంది? ఎంత ఖరీదైన మందయినా చచ్చిన కండ అంచు దగ్గర ఆగిపోతుంది. ఆ కండ లోపల క్రిములు నిశ్చింతగా పెరుగుతూనే ఉంటాయి. దాన్ని తీసేయడం తప్ప ఇంకో దారి లేదు. అలాగని మందులు వద్దని కాదు. ఏ క్రిమి అన్నది తేలేదాకా ఆగకుండా, మెరోపెనెమ్ లేదా పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ వంటి బలమైన మందులను మొదటి గంటల్లోనే మొదలుపెడతాం. దానికి వాంకోమైసిన్ లేదా లినెజోలిడ్‌ను, క్లిండామైసిన్‌ను జోడిస్తాం. క్లిండామైసిన్‌కు ప్రత్యేకమైన ఉపయోగం ఉంది: స్ట్రెప్టోకాకస్ వంటి క్రిములు విషాన్ని తయారుచేసుకోకుండా అది అడ్డుపడుతుంది.

థియేటర్‌లో మాకు కనిపించేదేమిటో కూడా చెబుతాను, అనుమానం తీరుతుంది. మామూలు గడ్డ కోస్తే చిక్కటి చీము వస్తుంది. దీన్ని కోస్తే కుడితి నీళ్లలాంటి బూడిదరంగు ద్రవం వస్తుంది. ఆరోగ్యమైన కండను పొర నుంచి విడదీయాలంటే కత్తి కావాలి. ఇక్కడ వేలు పెట్టి నెట్టితే పొరలు విడిపోతాయి, రక్తం రాదు. కోస్తూ వెళ్లి, రక్తం కారే ఆరోగ్యమైన కండ కనిపించిన చోట ఆపుతాం. ఎంత తీయాలన్నది అలా లోపల చూశాకే తెలుస్తుంది, ముందే కొలత చెప్పలేం. రెండోసారి తీసుకెళ్లారని రాశారు. దాని అర్థం మొదటి ఆపరేషన్ సరిగా జరగలేదని కాదు. 24 గంటల్లోపు మళ్లీ విప్పి చూడాలన్నదే పద్ధతి, ఎందుకంటే ఒక్కసారితో ఇది పూర్తిగా ఆగడం అరుదు.

నాకు బాధ కలిగించింది ఆ మొదటి మూడు రోజులు. నొప్పి ఇంజెక్షన్‌తో నొప్పీ జ్వరమూ పైకి తగ్గినట్టు కనిపిస్తాయి, లోపల పని లోపల జరిగిపోతూనే ఉంటుంది. పైగా ఏళ్ల తరబడి షుగరు ఉన్న పాదాల్లో స్పర్శ మందగిస్తుంది. వేరేవాళ్లు గావుకేకలు పెట్టే దశలో వీళ్లు ‘కాస్త సలుపుగా ఉంది’ అంటారు. షుగరు మనిషి పాదం వాస్తే అదే రోజు పెద్ద డాక్టరుకు చూపించడం తప్పనిసరి. ‘మూడు రోజులు చూద్దాం’ అన్న మాట మన ఇళ్లలో ఎక్కడి నుంచి వచ్చిందో గాని, చాలా కాళ్లను తీసుకుపోయింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది షుగరును అదుపులో ఉంచడం, మాంసకృత్తులు బాగా పెట్టడం. గుడ్లు, పప్పు, చేపలు పెట్టండి. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం డాక్టరును అడిగి పెట్టండి. పత్యమని చారన్నంతో సరిపెట్టకండి. పుండు ఎర్రగా, శుభ్రంగా తేరుకున్నాక తొడ చర్మం తీసి అతుకుతారు. మచ్చ మిగులుతుంది, నడక వస్తుంది. డబ్బు భయం ఉంటే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి కార్డు చూపించండి.

ప్రశ్న: మామూలు వాపుకూ దీనికీ తేడా ఇంట్లో ఎలా పోల్చుకోవాలి? ఇంటర్నెట్‌లో ఫొటోలన్నీ ఎర్రగా ఉన్న తెల్లవాళ్ల కాళ్లవే. మా ఇంట్లో అందరం నల్లగా ఉంటాం. – ఒక డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: చాలా మంచి ప్రశ్న. పుస్తకాల్లో ‘ఎరుపు’ అని రాసి ఉంటుంది. మన ఛాయ మీద ఆ ఎరుపు అంతగా తెలియదు. మన చర్మం బిగుసుకుని మెరుస్తుంది, చుట్టూ ఉన్న రంగు కంటే కాస్త ముదురుగా మారుతుంది. అందుకే కళ్లతో పాటు చేతులతోనూ చూడాలి. రెండో కాలితో పోల్చి చూడండి. వేడి ఎక్కడిదాకా ఉంది, నొక్కితే ఎక్కడిదాకా నొప్పి, ఎక్కడిదాకా గట్టిపడింది అన్నది తెలుసుకోండి. తర్వాత పెన్ను తీసుకుని వాపు అంచు చుట్టూ గీత గీసి, పక్కనే టైము రాయండి. గంటలు గడిచేకొద్దీ వాపు గీత దాటి పాకుతూ ఉంటే బయలుదేరండి.

సెల్యులైటిస్ అనే మామూలు చర్మపు ఇన్ఫెక్షన్‌లో నొప్పి కంటికి కనిపించే వాపుకు తగినట్టు ఉంటుంది. సరైన మందు పడితే సాధారణంగా రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. నెక్రోటైజింగ్ ఫేషియైటిస్‌లో నొప్పికీ కనిపించేదానికీ పొంతన ఉండదు. చిన్న గీత పడిన చోట దుప్పటి తగిలినా అరుస్తారు. వాపు ఎర్రదనాన్ని దాటి ముందుకు పోతుంది, చర్మం గుంట పడనంత గట్టిగా బిగుస్తుంది. తర్వాత ఊదా, నలుపు రంగులు, ముదురు నీరు నిండిన బొబ్బలు వస్తాయి. కొందరిలో నొక్కితే చర్మం కింద గాలి చిటపటలాడుతుంది. ఆ దశలో హఠాత్తుగా నొప్పి తగ్గిపోవచ్చు. ఇంట్లోవాళ్లు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. కాని అది తగ్గడం కాదు, నరాలు చచ్చిపోయాయి. వీటితో పాటు నాడి 100 దాటి కొట్టుకోవడం, మూత్రం తగ్గడం, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే ప్రాణం మీదికి వచ్చినట్టే. బొబ్బల కోసం ఎదురుచూడకండి, అవి ఆలస్యంగా వచ్చే గుర్తులు.

ఆస్పత్రికి వెళ్లాక ఓపీ చీటీ వరుసలో నిలబడవద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. ‘కాలు వాచింది’ అని మాత్రమే చెబితే బల్ల మీద కూర్చోబెడతారు. ‘నొప్పి గంటగంటకూ పెరుగుతోంది, వాపు పాకుతోంది, షుగరు ఉంది’ అని చెప్పండి, గీసిన గీత చూపించండి. చూడాల్సింది జనరల్ సర్జన్. తెల్లకణాలు, సీఆర్‌పీ, సోడియం, క్రియాటినిన్ వంటి రక్తపరీక్షలను కలిపి మార్కులు వేసే పద్ధతి ఒకటి సింగపూర్ వైద్యులు 2004లో ప్రచురించారు. మార్కులు ఎక్కువ వస్తే అనుమానం బలపడుతుంది, తక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. స్కానింగ్ కోసం ఆపరేషన్ ఆపకూడదు. అనుమానం గట్టిగా ఉంటే చిన్న కోత పెట్టి లోపల చూడటమే అసలైన పరీక్ష.

ప్రశ్న: మా అబ్బాయి జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ రెండు రోజుల్లో మనిషిని చంపే బ్యాక్టీరియా వ్యాపించిందని వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి నిద్ర పట్టడం లేదు. వాణ్ని వచ్చేయమనమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. ఆ వీడియో 2024 నాటి వార్తను తిప్పి తిప్పి పంపుతున్నది. ఆ ఏడాది జూన్ 2 నాటికే జపాన్‌లో తీవ్రమైన స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ కేసులు 977 నమోదయ్యాయి. అంతకు ముందు సంవత్సరం మొత్తం మీద 941. పెరిగిన మాట నిజమే, కాని 12 కోట్లకు పైగా జనం ఉన్న దేశంలో అది. ఈ గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ జపాన్ సొత్తేమీ కాదు. పిల్లలకు గొంతునొప్పి తెచ్చేది కూడా ఇదే, ఖమ్మంలోనూ ఉంది. ఎప్పుడో ఒకసారి అది లోపలి పొరల్లోకి దిగితేనే ఉపద్రవం. అమెరికాలో ఈ క్రిమి వల్ల వచ్చే నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ ఏడాదికి సుమారు 700 నుంచి 1,150 దాకా ఉంటుందని అక్కడి ప్రభుత్వ లెక్క. చికిత్స అందినా వారిలో ఐదుగురికి ఒకరు వరకు చనిపోతారు. అరుదైనదే, వస్తే మాత్రం దారుణం.

ఆరోగ్యవంతులకూ రావచ్చు. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పంచుకున్న ఎరిక్ కార్నెల్‌కు 2004లో ఈ జబ్బు వస్తే, ప్రాణం నిలపడానికి ఎడమ చేతిని భుజంతో సహా తీసేశారు. ఆయన కోలుకుని మళ్లీ పరిశోధనకు వెళ్లారు. మీ అబ్బాయికి వీడియో పంపే బదులు పైన చెప్పిన గుర్తులు పంపండి.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. రోజూ నీళ్లలో దిగాలి. చేతికి రొయ్య కొమ్ము గుచ్చుకోవడం మామూలే. నాకు లివరు పాడైందని మద్యం మానమన్నారు, తగ్గించాను. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నాను. సరిపోతుందా? – ఒక రైతు, భీమవరం

జవాబు: సరిపోదు. టీటీ ధనుర్వాతం నుంచి కాపాడుతుంది, అంతే. అది వేయించుకుంటే ఇక ఏ పుండూ సెప్టిక్ కాదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది, అది తప్పు.

మీ పరిస్థితి నాకు నిజంగా ఆందోళన కలిగిస్తోంది. వెచ్చని ఉప్పునీళ్లలో, ముఖ్యంగా ఏరూ సముద్రమూ కలిసే చోట ఉండే తక్కువ ఉప్పదనం నీళ్లలో, విబ్రియో వల్నిఫికస్ అనే క్రిమి ఉంటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉప్పునీటి చెరువులు అలాంటివే. మామూలు మనిషి ఒంట్లో అది అంతగా నిలదొక్కుకోలేదు. లివరు దెబ్బతిన్నవాళ్ల రక్తంలో దానికి కావలసిన ఇనుము సులువుగా దొరుకుతుంది, అక్కడ చెలరేగిపోతుంది. ఈ క్రిమి సోకినవారిలో దాదాపు ఐదుగురికి ఒకరు చనిపోతారు, కొందరు ఒకటి రెండు రోజుల్లోనే. పచ్చి ఆల్చిప్పలు తిన్నా ఇది వస్తుంది. మనం సాధారణంగా పచ్చివి తినం కాబట్టి ఆ దారి మనకు చాలావరకు మూసుకుంది. గాయం దారి మాత్రం తెరిచే ఉంది.

మీకు నా సలహా: చెరువులోకి మీరు దిగకండి, మనుషులను పెట్టుకోండి. తప్పకపోతే మందపాటి రబ్బరు తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు వేసుకోండి. ఒంటి మీద మానని పుండు ఉన్న రోజు అసలు వద్దు. కొమ్ము గుచ్చుకుంటే వెంటనే గట్టున బోరు నీళ్లతో, సబ్బుతో బాగా కడగండి. చెరువు నీళ్లతోనే కడిగి గుడ్డ చుట్టడం మీ వైపు నేను తరచూ చూసే పద్ధతి. ఆ సాయంత్రానికి చెయ్యి వాచినా, జ్వరం తగిలినా బయలుదేరండి. ‘లివరు జబ్బు ఉంది, ఉప్పునీటి చెరువులో గాయమైంది’ అన్న రెండు ముక్కలూ డాక్టరుకు చెప్పండి. దాన్ని బట్టి డాక్సీసైక్లిన్ వంటి మందు కలపాల్సి ఉంటుంది. మద్యం తగ్గించానన్నారు, మానేయమని చెప్పినవారు సరిగ్గానే చెప్పారు.

మంచినీళ్లూ అమాయకమైనవి కావు. చెరువులు, కాలువల్లో ఏరోమోనాస్ అనే క్రిమి ఇలాంటి పనే చేయగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం రోజుల తరబడి మురుగు కలిసిన నీళ్లలో నడిచారు. అలాంటప్పుడు ఇంటికి చేరగానే కాళ్లు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, కొత్త గీతలేమైనా పడ్డాయేమో దీపం కింద చూసుకోవాలి. నాట్లు వేసే ఆడవాళ్లకు వేళ్ల సందుల్లో చర్మం నాని పగులుతుంది. బోదకాలు ఉన్నవారికి ముడతల్లో పగుళ్లు పడతాయి. క్రిములకు ఆ పగుళ్లు చాలు. గాయం మీద సున్నం, కాఫీపొడి, పొగాకు ముద్ద పెట్టవద్దు. స్పర్శ తగ్గిన కాలికి వేడి కాపడం కూడా వద్దు, కాలినా తెలియదు.

ప్రశ్న: మా అత్తగారికి నడుము పక్కన బొబ్బలు వచ్చాయి, మంట. అక్కి అంటున్నారు. కుమ్మరివారి దగ్గరికి వెళ్లి ఎర్రమట్టితో సింహం బొమ్మ రాయిస్తే పోతుందంటున్నారు. నాకు ఈ జబ్బేమోనని భయం. – ఒక కోడలు, పలాస

జవాబు: అక్కి అంటే హెర్పిస్ జోస్టర్, వైరస్ వల్ల వస్తుంది. ఒంటికి ఒకే పక్కన పట్టీలాగా, గుంపులు గుంపులుగా చిన్న బొబ్బలు లేస్తాయి. మధ్యగీత దాటి రెండో పక్కకు పోవడం అరుదు. మంట ముందు మొదలై, బొబ్బలు తర్వాత వస్తాయి. మీ వర్ణన దానికే దగ్గరగా ఉంది. బొమ్మ రాయించినవాళ్లకు తగ్గడానికి కారణం, చాలామందికి అది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గడం. ఆవిడకు అదొక ధైర్యమైతే నేను తగువు పెట్టుకోను. కాకపోతే అక్కికి కూడా మందు ఉంది. బొబ్బలు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ ఉపయోగం. అందుచేత ముందు డాక్టరు, తర్వాత కుమ్మరి. అసలు ప్రమాదం, అక్కి కానిదాన్ని అక్కి అనుకోవడం. కాలి మీద, పెద్ద పెద్ద నల్లటి బొబ్బలు, కింద గట్టి వాపు, తూలిపోయే నీరసం ఉంటే ఎవరి చేతా ఏ బొమ్మా రాయించకండి.

ప్రశ్న: నేను వాడే డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు బిళ్లతో మర్మాంగాలు కుళ్లిపోతాయట. ఆపేయాలా? – పేరు వద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. ఈ రకం బిళ్లలు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి. మనం చెప్పుకుంటున్న జబ్బే మర్మాంగాలకు వస్తే దాన్ని ఫోర్నియర్ గ్యాంగ్రీన్ అంటాం. ఈ బిళ్లలు వాడేవారిలో అది రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక ఇచ్చింది. 2013 మార్చి నుంచి 2018 మే వరకు వారి దృష్టికి వచ్చినవి 12 కేసులు, ఆ బిళ్లలు వాడేవారు లక్షల్లో ఉన్నారు. ఇవే బిళ్లలు గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తాయని తేలింది. రోజూ ఆ భాగాన్ని కడిగి పొడిగా ఉంచుకోండి. అక్కడ లేదా మలద్వారం చుట్టూ నొప్పి, వాపు, దానితో జ్వరం వస్తే అదే రోజు సర్జన్‌కు చూపించండి. మగవాళ్లు సిగ్గుపడి వారం రోజులు దాచి, వృషణాల తిత్తి నల్లబడ్డాక వస్తారు. మేము రోజూ చూసేదే, మాకు సిగ్గేమీ ఉండదు. మీరు పేరు రాయలేదు, ఫరవాలేదు. ఆస్పత్రిలో మాత్రం దాచకండి.

ప్రశ్న: ఈ జబ్బుతో ఉన్న మా అన్నయ్య దగ్గర ఆస్పత్రిలో నేనే ఉంటున్నాను. ఇంట్లో చంటిపిల్ల ఉంది. అంటుకుంటుందా? – ఒక చెల్లెలు, అనకాపల్లి

జవాబు: ఒకరి నుంచి ఒకరికి ఇది అంటుకోవడం చాలా అరుదు. అన్నయ్యను ఒంటరిగా వదిలేయనక్కర లేదు. కట్టు విప్పేటప్పుడు ముట్టుకోకండి, ఆ పని నర్సులకు వదిలేయండి. వార్డు నుంచి బయటికి వచ్చేటప్పుడు సబ్బుతో చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్లగానే బట్టలు మార్చుకుని పిల్లను ఎత్తుకోండి. మీ చేతికి తెగిన గాయం ఉంటే కట్టు కట్టించుకోండి. చీము పరీక్షలో ఏ క్రిమి వచ్చిందో డాక్టరును అడగండి. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అయితే ఇంట్లో చంటిపిల్ల ఉన్న సంగతి చెప్పండి. అన్నయ్యతో ఒకే ఇంట్లో ఉన్నవారికి ముందుజాగ్రత్తగా మందు ఇవ్వాలా వద్దా అన్నది వారు నిర్ణయిస్తారు. ఆ తర్వాత నెల రోజుల్లో మీ ఇంట్లో ఎవరికైనా గొంతునొప్పి, జ్వరం, చర్మం మీద వాపు వస్తే మామూలు జలుబని వదిలేయకుండా అన్నయ్య జబ్బు సంగతి చెప్పి చూపించండి.